లాగ్‌లో లేని నమస్కారం

"లాగ్‌లో లేదు."

నేను రాసిన వాక్యాల్లో నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వనిది ఇదే. ఒక ఆదివారం మధ్యాహ్నం, బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇరవై మంది చూస్తుండగా, కాడుగోడిలో జెరాక్స్ అంగడి నడిపే ఒకావిడకు ఈ మాట టైపు చేసి పంపాను. ఆవిడ నిజమే చెబుతోంది. నేనూ అబద్ధం చెప్పలేదు. అయినా ఆ రోజు ఒక అన్యాయం జరిగింది. చేసింది నేను.

ముందు మా సభ సంగతి చెప్పాలి. మాది చిన్న చర్చా మండలి. దేవుడి పేరుతోనో కులం పేరుతోనో పెద్దల పేరుతోనో మనిషిని తక్కువ చేసే ఏ ఆచారాన్నయినా నిలబెట్టి ప్రశ్నించడం మా పని. అనంతపురంలో కాలేజీ చదివే రోజుల్లోనే నేను ఇలాంటి చర్చల్లో రాటుదేలాను. గడియారం చూసుకుంటూ మాట్లాడడం, ఎదుటివాడి వాదాన్ని వాడికన్నా బాగా చెప్పి ఆ తర్వాత దాన్ని విరగ్గొట్టడం, సభను ప్రార్థన గీతంతో మొదలుపెడితే లేచి బయటికి నడవడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. బెంగళూరు వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టరుగా ఉద్యోగంలో కుదురుకున్నాక, నాలాంటివాళ్ళను మరో పదిమందిని వెతుక్కుని ఈ మండలి పెట్టాం. మొదట్లో వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటు హాల్లో కలిసేవాళ్ళం. పంచాంగం మీద చర్చ పెట్టిన నెల నుంచి మాకు హాలు ఇవ్వడం మానేశారు. ఆ వెనకే కరోనా వచ్చి అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టింది.

అప్పుడు మాలో ఒకాయన ఈ ఆట సంగతి చెప్పాడు. ఇటుక మీద ఇటుక పేర్చి ఊళ్ళు కట్టుకునే కంప్యూటర్ ఆట అది. ఎక్కడెక్కడివాళ్ళూ ఒకే సర్వర్‌లోకి వస్తే అక్కడ బొమ్మల రూపంలో ఒకరికొకరు కనిపిస్తారు, తిరుగుతారు, చాట్‌లో మాట్లాడుకుంటారు. "మనమే ఒక సర్వర్ పెట్టుకుందాం, హాలు కోసం ఎవడి కాళ్ళూ పట్టుకునే పనుండదు" అన్నాడాయన. నా పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా మార్చాను. నెల తిరిగేసరికి అందులో మా సొంత సభామందిరం లేచింది. మెట్లు మెట్లుగా బల్లలు, నడుమ వేదిక, వేదిక పక్కన ఒక గంట. వాకిట్లో తులసికోట ఉండవలసిన చోట ఒకాయన పుస్తకాల బీరువా కట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. కరోనా పోయింది గానీ మేం ఆ మందిరాన్ని వదల్లేదు. ఈ ఊరి ట్రాఫిక్‌లో రెండేసి గంటలు నలిగి కలుసుకోవడం కన్నా ఇదే హాయి అనిపించింది.

చర్చ నడిపే చాట్ కమాండ్లన్నీ నేనే రాశాను. చాట్‌లో ఒక ఏటవాలు గీత పెట్టి దాని పక్కన మాట టైపు చేస్తే సర్వర్ దాన్ని మాటగా కాక ఆజ్ఞగా తీసుకుంటుంది. /చప్పట్లు అంటే మీ బొమ్మ చప్పట్లు కొడుతుంది. /చెయ్యి అంటే చెయ్యెత్తుతుంది. మాట్లాడేవాళ్ళ వరస ముందే రాసి ఉంటుంది. మీ వంతు రాగానే గంట మోగుతుంది, మీరు చెయ్యెత్తాలి, వేదిక మీదవుతుంది. ఇరవై సెకన్లకొకసారి చొప్పున గంట మూడుసార్లు పిలుస్తుంది. మూడో గంటకు కూడా చెయ్యెత్తకపోతే వంతు వెనకవాళ్ళకు పోతుంది. ఎత్తిన చెయ్యి దించాలంటే అదే /చెయ్యి మళ్ళీ కొట్టాలి. అంటే వంతు వదులుకున్నట్టు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ఎవరికీ మినహాయింపు లేదు. అధ్యక్షుడిగా నేను తలుచుకుంటే ఎవరికైనా నేరుగా వంతు ఇచ్చే కమాండు ఒకటి నా దగ్గర ఉండేది గానీ, దాన్ని ఎన్నడూ వాడనని సభలో మాటిచ్చాను.

ఇంకో నియమం ఉంది. మా సభలో నమస్కారాలు లేవు. వందనాలు, స్తుతులు, పెద్దలకు ప్రణామాలు ఏవీ లేవు. లేవడం, వాదం మొదలుపెట్టడం, అంతే. పూజతో మొదలై హారతితో ముగిసే సభలు చూసి చూసి విసిగినవాళ్ళం గనక ఈ నియమం మాకు ప్రాణం.

ఇక ఆవిడ. యాభై దాటిన మనిషి. నాలుగైదు తరాల కిందట మగ్గం పనికి బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు. కాడుగోడి రైల్వే స్టేషను దగ్గర చిన్న అంగడి: ఒక జెరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, పుస్తకాలకు స్పైరల్ వేసే యంత్రం. కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో దరఖాస్తులు టైపు చేసి పెడుతుంది. మా మండలి నెలనెలా వేసుకునే పదహారు పేజీల పత్రికను కాపీలు తీయించడానికి మొదటిసారి ఆ అంగడికి వెళ్ళాను. ఆవిడ మొదటి కాపీ తీసి, మిషను ఆపి, నిలబడే చదవడం మొదలుపెట్టింది.

"ఇది నువ్వు రాసిండేదా అప్పా?"

"అవును."

"మూడో పేజీలో జాతకాలు చూసేవాళ్ళందరూ మోసగాళ్ళు అంటివి. ఐదో పేజీలో వాళ్ళే మోసపోయినోళ్ళు అంటివి. రెండిట్లో ఏది?"

నేను ఏదో చెప్పబోయాను. "సుమ్నే, ఊరికే అడిగితినిలే" అని నవ్వి మిషను ఆన్ చేసింది. ఆ నెలలోనే ఆవిడను మండలిలో చేర్చుకున్నాం. అంగడి కంప్యూటరులోనే ఆట ఎక్కించి ఇచ్చాను. ఆదివారం మధ్యాహ్నాలు అంగడికి పెద్దగా ఎవరూ రారు. వచ్చినవాళ్ళకు కాపీలు తీసి ఇస్తూనే చర్చ వినేది. మాలాగా ఊరికే చాట్‌లో మాటలు విసరడం ఆవిడకు అలవాటు లేదు. ఎదుటివాళ్ళు చెప్పే ఏడు నిమిషాలూ నోరు మూసుకుని విని, వంతు వస్తే మాట్లాడేది.

రెండు నెలలకు ఫోన్ చేసింది. "చెయ్యెత్తితే లేస్తలేదప్పా. ఒక్కోసారి లేస్తాది, ఒక్కోసారి లేయదు. ఏదో పాడయ్యుండాది, స్వల్ప చూస్తావా?"

చూశాను. ఎలా చూశానో చెబుతాను, ఎందుకంటే నా మొదటి తప్పు అక్కడే ఉంది. ఒక సాయంత్రం ఆవిడను సర్వర్‌లోకి రమ్మని, ఫోన్‌లో మాట్లాడుతూ, "ఇప్పుడు కొట్టండి" అన్నాను. బొమ్మ చెయ్యెత్తింది. "దించండి." దించింది. "మళ్ళీ." ఎత్తింది. పదిసార్లు చేయించాను, పదిసార్లూ పనిచేసింది. "అక్కా, కమాండు బాగానే ఉంది. మీరు గీత పెట్టడం మరిచిపోతున్నారేమో, లేకపోతే ఎంటర్ నొక్కరేమో" అన్నాను. రోజుకు ఇరవై దరఖాస్తులు మూడు భాషల్లో టైపు చేసే మనిషితో అన్న మాట ఇది. "అట్లనా? సరేప్పా" అంది. ఆ సరేలో నమ్మకం లేదని అప్పుడే తెలిసింది. తెలిసి వదిలేశాను.

తర్వాత ఆవిడే ఒక దారి కనుక్కుంది. కమాండుకు ముందు "నమస్కారం అందరికీ" అని టైపు చేసి పంపి, ఆ తర్వాత /చెయ్యి కొడితే ఎప్పుడూ తప్పదట. మండలి వాట్సాప్ గుంపులో అందరికీ చెప్పింది: "చెయ్యి లేయకుంటే ముందు ఒక నమస్కారం పెట్టండి, ఆమేలే కమాండు కొట్టండి. తప్పకుండా లేస్తాది." ఇద్దరు ముగ్గురు అలాగే చేసి, "నిజమే అక్కా, పనిచేస్తోంది" అన్నారు. మరుసటి ఆదివారం మా సభ చాట్‌లో "నమస్కారం అందరికీ" అన్న వాక్యాలు రెండు మూడు కనిపించాయి.

నాకు ఒళ్ళు మండింది. నమస్కారాలను వెళ్ళగొట్టిన సభలోకి నమస్కారం దొడ్డిదారిన వచ్చింది! అదీ కంప్యూటరుకు! ఆ నెల పత్రికలో రెండు పేజీల వ్యాసం రాశాను. ఆచారం ఎలా పుడుతుందో మన కళ్ళ ముందే చూశాం అని మొదలుపెట్టాను. ఒకసారి కాకతాళీయంగా పనిచేస్తుంది, మనిషి దాన్ని గుర్తుపెట్టుకుంటాడు, పనిచేయని సార్లు మరిచిపోతాడు, పక్కవాడికి చెబుతాడు, పక్కవాడు ప్రశ్నించడు, రేపటికి అది శాస్త్రమవుతుంది అన్నాను. "మన సభ్యురాలు ఒకరు" అని మాత్రమే రాశాను గానీ ఎవరో అందరికీ తెలుసు. ఆ వ్యాసాన్ని కాపీలు తీసింది కూడా ఆవిడే. అరవై కాపీలు. పిన్నులు కొట్టి, కట్ట కట్టి, నా చేతికిచ్చి, ఒక్కటే మాట అంది.

"పనిచేయని సార్లు నేను మర్చిపోలేదప్పా. అన్నీ రాసిపెట్టుండాను."

"రాసిపెట్టినా సరే అక్కా, కారణం తెలియకుండా నమ్మితే అది నమ్మకమే" అన్నాను. ఎంత బాగా చెప్పానో అనుకుంటూ మెట్లు దిగాను. ఆ రాతలు చూపించమని అడగలేదు. సాక్ష్యం ఎక్కడుందని జీవితమంతా లోకాన్ని నిలదీసినవాణ్ణి, సాక్ష్యం ఉందని ఒక మనిషి నా ఎదుట చెబితే చెయ్యి చాచలేదు.

ఆ తర్వాత ఆవిడ నమస్కారం పెట్టడం మానేసింది.

చర్చ రోజుకు వస్తాను. అంతకు మూడు నెలల ముందు ఆవిడ తండ్రి పోయాడు. పదో రోజు బంధువులంతా చేరి తల్లి గాజులు పగలగొట్టబోతే ఈవిడ అడ్డం నిలబడింది. తల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, "ముందు నన్ను దాటండి" అందట. కొందరు భోజనం చేయకుండా లేచిపోయారు. తల్లి గాజులు నిలిచాయి. ఇదంతా మాకు అప్పుడు తెలియదు. "ఇంటి ఆచారాన్ని ఇంట్లోవాళ్ళే ఎదిరించగలరా" అన్న అంశం పెడితే, "ఈసారి నా పేరు ముందరగా రాయి అప్పా, చెప్పేది ఉండాది" అని మాత్రం అంది. మూడో పేరుగా రాశాను. నాలుగో పేరు నాది.

రెండో వక్త ఏడు నిమిషాలూ మాట్లాడాడు. మేమంతా నడుమ నడుమ చప్పట్లు కొట్టాం, "భేష్" అన్నాం. ఆవిడ ఎప్పటిలాగే ఒక్క మాటా టైపు చేయలేదు. ఆయన దిగాడు. గంట మోగింది. మొదటి పిలుపు. ఆవిడ బొమ్మ బల్ల దగ్గర నిలబడే ఉంది. చెయ్యి లేవలేదు. రెండో గంట మోగే లోపల చాట్‌లో ఆవిడ మాట వచ్చింది.

"చెయ్యెత్తినానప్పా."

నా పక్క తెరలో లాగ్ తెరిచే ఉంది. లాగ్ అంటే సర్వర్ తనకు అందిన ప్రతి మాటనూ గంటా నిమిషంతో సహా రాసుకునే చిట్టా. చూశాను. ఆవిడ పేరు మీద కమాండు లేదు.

"లాగ్‌లో లేదు" అని రాశాను.

"నేను కొట్టినా. చూసుకోనే కొట్టినా."

రెండో గంట.

"మళ్ళా కొడితే దిగిపోతాది అని నువ్వే రాసిండావు కదా నియమంలో. దిగిపోతే వంతు పోతాది. ఏం చేసేది చెప్పు."

అది నిజం. ఆ నియమావళి పూర్తిగా చదివింది మాలో ఆవిడ ఒక్కతే. మిగతావాళ్ళం చెయ్యి లేవకపోతే ఆలోచించకుండా మళ్ళీ కొట్టేవాళ్ళం. ఆవిడ నియమాన్ని నమ్మి ఆగింది. నేను జవాబు రాసి ఉండవచ్చు. అధ్యక్షుడి కమాండుతో వంతు ఇచ్చి ఉండవచ్చు. పది అక్షరాల పని. నేనేం రాశానో లాగ్‌లో ఇప్పటికీ ఉంది: "మినహాయింపులు దేవుళ్ళు ఇస్తారు. ఇక్కడ నియమం ఒక్కటే." నలుగురు చప్పట్ల కమాండు కొట్టారు.

మూడో గంట.

వంతు నాకు వచ్చింది. వేదిక ఎక్కి ఏడు నిమిషాలు మాట్లాడాను. ఆడవాళ్ళు ముందు తమ ఇంట్లో నోరు విప్పాలి అన్నది నా వాదం. బాగా మాట్లాడానని అందరూ అన్నారు. దిగి చూసేసరికి ఆవిడ బొమ్మ బల్ల దగ్గర లేదు.

తర్వాత ఆవిడ సభకు రాలేదు. నేను ఫోన్ చేయలేదు. చేయకపోవడానికి నా దగ్గర మంచి కారణాలే ఉండేవి: సొంత ఇష్టంతో చేరినవాళ్ళు సొంత ఇష్టంతో పోతారు, బతిమాలడం మఠాల పద్ధతి, మన పద్ధతి కాదు. తర్కం తెలిసినవాడికి కారణాలకు కరువుండదు.

ఐదారు వారాలు గడిచాయి. ఒక శనివారం పొద్దున సర్వర్‌లో కొత్త గంట పెట్టి పరీక్షిస్తున్నాను. పొయ్యి మీద పాలు పొంగాయి. పరుగెత్తి స్టవ్ కట్టేసి, గట్టు తుడిచి, గిన్నె తోమి వచ్చి /చెయ్యి కొట్టాను. బొమ్మ కదల్లేదు. ఆలోచించకుండా మళ్ళీ కొట్టాను. లేచింది. ముందుకు సాగిపోయేవాణ్ణే. ఎన్నిసార్లు అలా సాగిపోయానో! కానీ ఆ రోజు నా వేలు ఎంటర్ మీదే ఆగిపోయింది. రెండుసార్లు కొట్టాను, దిగవలసిన చెయ్యి ఎలా లేచింది? లాగ్ చూశాను. ఒక్కటే కమాండు ఉంది. మొదటిది లేదు.

"చూసుకోనే కొట్టినా."

బండి తీసుకుని కాడుగోడి వెళ్ళాను. దారిలో ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకున్నాను. అంగడి మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఆవిడ ఎవరి ఆధార్ కార్డో కాపీ తీస్తోంది. నన్ను చూసి, కార్డు ఇచ్చి వాళ్ళను పంపించి, గల్లాపెట్టె వెనక కూర్చుంది.

"ఏమప్పా, బాగుండావా? మీ లాగ్ సామి బాగుండాడా?"

"అక్కా, మీరు రాసిపెట్టిన పుస్తకం ఒకసారి చూపిస్తారా?"

"ఇప్పుడెందుకు? కారణం తెలీకుండా నమ్మితే అది నమ్మకమే అంటివి కదా."

అంటూనే ఆవిడ బల్ల సొరుగు లాగి, పాడైపోయిన జెరాక్స్ కాగితాలను వెనక్కి తిప్పి కుట్టిన ఒక చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి ఆదివారానికి ఒక పేజీ. ఎన్ని గంటలకు చెయ్యి కొట్టింది, లేచిందా లేదా, అంతకు ముందు నమస్కారం పెట్టిందా లేదా. నమస్కారం లేని రోజుల పక్కన కూడా లేచింది, లేవలేదు అని నిజాయితీగా రాసి ఉంది. నమస్కారానికి బదులు "ఉండానప్పా" అని పెట్టినా పనిచేసిందని ఒకచోట, "సుమ్నే ఒక చుక్క పెట్టినా సాలు" అని ఇంకోచోట రాసింది. అంటే ఆవిడ నమస్కారాన్ని నమ్మలేదు. దాన్ని మార్చి మార్చి పరీక్షించింది. ఉద్యోగం పేరుతో జీతం తీసుకుని నేను చేయవలసిన పనిని, జెరాక్స్ మిషను పక్కన కూర్చుని, ఆవిడ చేసింది.

ల్యాప్‌టాప్ తెరిచి ఆ తేదీల లాగ్‌లను పుస్తకం పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టాను. చెయ్యి లేవని రోజుల్లో కమాండు లాగ్‌లో లేదు, అది తెలిసిందే. చెయ్యి లేచిన రోజులు చూశాను. పుస్తకంలో "నమస్కారం పెట్టినా, చెయ్యి కొట్టినా, లేచినాది" అని ఉంది. లాగ్‌లో చెయ్యి ఉంది, నమస్కారం లేదు. ఇంకో ఆదివారం. చెయ్యి ఉంది, నమస్కారం లేదు. ఇంకోటి. మళ్ళీ అంతే.

"ఏం చెప్తుండాడు సామి?" అందావిడ.

"మీ నమస్కారాలను నేనే మింగేశానక్కా."

సంగతి ఇది. ల్యాప్‌టాప్ పాతది, దాని మీద భారం తగ్గించాలని నేనే ఒక చిన్న ఏర్పాటు చేశాను: ఎవరైనా ఐదు నిమిషాల పాటు ఏమీ టైపు చేయకపోతే వాళ్ళ చాట్ దారి మూతపడుతుంది. మళ్ళీ టైపు చేస్తే తెరుచుకుంటుంది. కానీ తెరిచే ఆ మొదటి మాట తలుపు తట్టడంతోనే సరిపోయి, లోపలికి రాకుండా రాలిపోతుంది. రెండోది వస్తుంది. అందుకే నమస్కారం రాలిపోయి కమాండు బతికేది. నేను పరీక్షించిన రోజు పదిసార్లు గబగబా కొట్టించాను గనక దారి మూతపడే వీలే లేదు. ఊరికే మాటలు విసిరే మా దారి దాదాపు ఎప్పుడూ తెరిచే ఉండేది, అందుకే మిగతావాళ్ళ నమస్కారాలు తెర మీదికి వచ్చాయి; ఎప్పుడో ఒకసారి తగిలినా మళ్ళీ కొట్టి మరిచిపోయాం. నిశ్శబ్దంగా విన్న మనిషికి, నియమాన్ని పాటించిన మనిషికి మాత్రమే దెబ్బ తగిలింది.

ఇక లాగ్. వచ్చినదాన్నే అది రాస్తుంది. రానిదాన్ని గురించి దానికేం తెలుసు? దారిలో పోయినదానికి అది సాక్ష్యం కాదని మొదటి ఏడాది టెస్టరుకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ ఒక గ్రంథంలో లేదు గనక జరగలేదని వాదించే పండితుణ్ణి ఎన్ని వేదికల మీద ఎగతాళి చేశానో, ఆ పండితుడే ఆ ఆదివారం నా కుర్చీలో కూర్చున్నాడు.

ఇదంతా ఆవిడకు చెప్పాను. వింది. "అట్లనా. దారి మూసుకుంటా ఉండిందా" అని తలూపింది. కారణం దొరికినందుకు ముఖంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. పుస్తకం తీసుకుని చివరి పేజీలో ఏదో రాసుకుంది.

"అక్కా, ఆ అంశం మళ్ళీ పెడతాను. మొదటి వంతు మీదే."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "ఆ పొద్దు మా అమ్మ ఈడ కూర్చోని ఉండె" అంది, స్పైరల్ యంత్రం పక్కనున్న స్టూలు చూపిస్తూ. "షట్టరు సగం దించి, నువ్వు చూడుమా, నీ సంగతి చదువుకున్నోళ్ళ మధ్యలో చెప్తాను, నేను టైపు చేసేది నీకు చదివి వినిపిస్తాను అంటిని. ఆ గంటలు కొట్టేది ఆమె గూడా చూసె."

గాజుల సంగతి మొత్తం అప్పుడే నాకు చెప్పింది. చెప్పి, బల్ల కింది అరలోంచి ఒక రేకు డబ్బా తీసింది. పిన్నులు వేసుకునే డబ్బా. అందులో పిన్నుల మీద ఆరు మట్టి గాజులు, ఆకుపచ్చవి.

"ఎవురూ పగలగొట్టలేదు. ఆమే తీసి పెట్టె, మర్నాటి పొద్దున. నిన్ను ఆడ గూడా మాట్లాడనీలేదా, మరి ఇంటోళ్ళందరితో ఎంత కాలం కొట్లాడతావు అనె. నేను ఏం చెప్పేది?"

ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. నేను వందసార్లు చెప్పిన పాఠం. ఆ తల్లి గాజులు తీసేయడానికి బంధువుల సూటిపోటి మాటలు కారణం కావచ్చు, దుఃఖం కారణం కావచ్చు, అలసట కావచ్చు. మరొకరి విషయంలో అయితే సందేహ లాభం ఇవ్వాలని వాదించేవాణ్ణి. నాకు నేను ఇచ్చుకోలేకపోయాను.

"నేను మాట్లాడనప్పా ఇంక ఆ సంగతి" అంది. "అమ్మ ముందర చెప్పాల్సింది. ఆ పొద్దు పోయినాది. నువ్వు రాసిన తప్పు నువ్వు చెప్పుకో. ఆడనే చెప్పు, ఆ గంట కిందనే."

మరుసటి ఆదివారం చెప్పాను. అంతకు ముందే చాట్ దారి మూసే ఏర్పాటు తీసేశాను. రెండోసారి కొడితే దిగే నియమాన్నీ తీసేశాను. వరసలో నా పేరు మొదట రాసుకుని, గంట మోగితే చెయ్యెత్తి, వేదిక ఎక్కాను. లోపం ఏమిటో, దాన్ని కనిపెట్టింది ఎవరో, నా వ్యాసం ఎందుకు తప్పో చెప్పాను. కాకతాళీయం అన్నది ఆవిడ కాదు, సాక్ష్యం చూడకుండా నేనన్నాను, మన సభలో ఆ నెల పుట్టిన ఏకైక మూఢనమ్మకం లాగ్ మీద నాకున్నదే అన్నాను. అది బాగా కుదిరిన వాక్యం. చప్పట్లు వచ్చాయి. తప్పు ఒప్పుకుంటూ కూడా చప్పట్ల కోసం వాక్యం చెక్కుకున్నానని అప్పుడు తెలిసి, ముఖం వేడెక్కింది. మిగతాది చెక్కకుండా చెప్పి ఆపేశాను.

మాట్లాడినవాళ్ళను ప్రశ్నలు అడగడం మా పద్ధతి. ఆవిడ వచ్చిందో లేదో నేను చూసుకోలేదు. వెనక బల్ల దగ్గర ఒక బొమ్మ చెయ్యెత్తింది. మొదటిసారికే లేచింది.

"నమస్కారం అందరికీ" అని ఆవిడ మాట తెర మీదికి వచ్చింది. ఇక దాని అవసరం లేదు, ఆ సంగతి ఆవిడకు తెలుసు. సభలో ఎవరూ నియమం గుర్తు చేయలేదు. తర్వాత ప్రశ్న వచ్చింది.

"దారి మూసుకుండేది మిషను తప్పు. ఒప్పుకుంటాను. ఆ పొద్దు నేరుగా వంతు ఇచ్చే కమాండు నీ చేతిలోనే ఉండె కదా అప్పా. నేను అడుగుతా ఉంటే నువ్వు దాన్ని కొట్టకుండా ఉంటివే, అది గూడా మిషను తప్పేనా?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు ఇంకా రెండు నిమిషాల సమయం ఉంది. నియమం అందరికీ సమానంగా ఉండాలన్న నా మాట, ఇచ్చిన మాట తప్పకూడదన్న పట్టుదల, ఆ క్షణంలో నాకు అందుబాటులో ఉన్న సమాచారం, అన్నీ వరసగా వచ్చి వేళ్ళ దగ్గర నిలబడ్డాయి. ఒక్కొక్కటీ గట్టి వాదమే. ఆ స్టూలు గుర్తొచ్చింది. పిన్నుల మీద ఆకుపచ్చ గాజులు గుర్తొచ్చాయి.

"కాదు" అని టైపు చేశాను.

అది లాగ్‌లో ఉంది.